వీస్బీ గోడలో దిడ్డి తలుపు

బొట్విద్ ఫోన్ చేసేసరికి గున్‌వర్ దొడ్లో గొర్రెలకి ఎండుగడ్డి వేస్తోంది. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, "చెప్పన్నా" అంది.

అన్న తనంతట తాను ఫోన్ చేసి ఏడాది దాటింది. మూడేళ్ళ కిందట అతని కూతురు ఆల్వా పది రోజుల జ్వరంతో పోయింది. అప్పటికి దానికి తొమ్మిదేళ్ళు. మరుసటి వేసవిలో అతని భార్య ఓడెక్కి స్టాక్‌హోమ్‌లో పుట్టింటికి వెళ్ళిపోయింది. దీవి మొత్తానికి ఒక్కటే పట్నమైన వీస్బీలో, కోటగోడ నీడ పడే రెండు గదుల ఇంట్లో అతనొక్కడే మిగిలాడు. తాపీపని అతనిది. ఊరి చుట్టూ ఉన్న పాతగోడకి మరమ్మతులు చేసే ముఠాలో ఉన్నాడు.

"గురువారం రాగలవా?" అన్నాడు. "నీకొకటి చూపించాలి. దక్షిణపు ద్వారం పక్క బురుజులో దిడ్డి తలుపొకటి బయటపడింది. ఎప్పుడో లోపలివైపు నుంచి రాళ్ళు పేర్చి మూసేశారు. ఆ రాళ్ళన్నీ నేనే తీశాను. కొత్త ఓక్ తలుపు కూడా బిగించాను."

"బాగుంది. దానికి నేనెందుకు?"

"దాంట్లోంచి ముందుగా నువ్వే రావాలి, బయట నుంచి లోపలికి. పల్లెటూరి మనిషివి కదా. ఆ రోజు తెరవని తలుపు నీకోసం తీస్తాను."

గున్‌వర్ చేతిలో గడ్డి కింద పెట్టేసింది. ఆ రోజు అంటే ఏ రోజో ఆ దీవిలో ఒకళ్ళు ఇంకొకళ్ళకి చెప్పనక్కర్లేదు. ఆరువందల అరవై ఏళ్ళ కిందట, జూలై ఎండలో, ఒక మంగళవారం. సముద్రం అవతలి డేన్ల రాజు సైన్యంతో ఓడల్లో దిగాడు. పల్లెల్లో ఉన్న మగవాళ్ళంతా, ముసలివాళ్ళతో, మీసాలు మొలవని కుర్రాళ్ళతో సహా, ఇంట్లో దొరికిన ఇనుమల్లా ఒంటికి కట్టుకుని అడ్డం వెళ్ళారు. నిలదొక్కుకోలేక గోడ దాకా వెనక్కి వచ్చారు. లోపలి వర్తకులు తలుపులు తియ్యలేదు. అందర్నీ గోడముందే నరికేశారు. రెండు రోజులు పోయాక అదే రాజుకి ఆ తలుపులే బార్లా తెరుచుకున్నాయి.

రాత్రి భోజనాల దగ్గర ఆమె ఈ సంగతి చెబితే మొగుడు ఇవర్ పకపకా నవ్వాడు.

"ఇన్నాళ్ళకి పట్నం వాళ్ళకి బుద్ధొచ్చిందన్నమాట! వెళ్ళు, వెళ్ళు. మీ అన్న మనసు మార్చుకోకముందే వెళ్ళు."

"మా అన్న పట్నంవాడేం కాదు. ఈ ఇంట్లోనే పుట్టాడు."

"ఇరవై ఏళ్ళు గోడ లోపలి నీళ్ళు తాగాడు. ఇంకా మనవాడంటావేం? సరేగానీ, నాక్కూడా ఒక ముక్క ఉంచు." ఆమె అప్పుడే కుంకుమపువ్వు వేసిన తీపిరొట్టె పొయ్యిలోంచి తీస్తోంది. బొట్విద్‌కి చిన్నప్పటి నుంచీ అదంటే ప్రాణం.

గురువారం మధ్యాహ్నం రెండింటికి ఆమె బస్సు దిగింది. వేసవిలో కాలు పెట్టడానికి చోటుండని వీధులు ఈ నవంబరులో ఖాళీగా ఉన్నాయి. గులాబీ తీగలు ఎండిపోయి గోడలకి ముళ్ళు మాత్రం అంటుకుని ఉన్నాయి. అంగళ్ళు సగం మూసేసి ఉన్నాయి. సముద్రం మీంచి వచ్చే గాలి ఉప్పగా, తడిగా ముఖానికి తగుల్తోంది.

బొట్విద్ తలుపు తీసేసరికి ఆమెకి ఆశ్చర్యమేసింది. గడ్డం గీసుకున్నాడు. ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. నేల కడిగి ఉంది. గుమ్మం పక్కన ఆల్వా బూట్లు మైనం రాసి, మెరిసేలా తుడిచి, జతగా పెట్టి ఉన్నాయి.

"కోలుకుంటున్నావన్నా" అంది ఆమె సంబరంగా.

"కాఫీ తాగు" అన్నాడు అతను.

ఆమె తెచ్చిన రొట్టె ముట్టుకోలేదు. కిటికీలోంచి మాటిమాటికీ వెలుతురు చూస్తున్నాడు. ఆమె గొర్రెల సంగతి, ఇవర్ మోకాలినొప్పి సంగతి చెబుతుంటే ఊఁ కొట్టాడు గానీ విన్నట్టు లేదు. ఆల్వా ప్రతి వేసవీ అత్త దగ్గరే గడిపేది. గొర్రెపిల్లలకి సీసాతో పాలు పట్టేది. ఆమె ఆ మాట ఎత్తబోయి, అతని ముఖం చూసి ఊరుకుంది.

మూడింటికి అతను లేచాడు. "పద. నాలుగింటికే చీకటి పడిపోతుంది."

ద్వారం దాకా నడిచారు. ఆ ద్వారం కిందుగా గున్‌వర్ వందసార్లు వెళ్ళి ఉంటుంది, తల ఎత్తి చూసిన పాపాన పోలేదు. ఈ రోజు చూసింది. తెల్లటి సున్నపురాయి తడిసి బూడిదరంగుకి తిరిగింది. బురుజు మీద కాకులు బారులు తీరి కూచున్నాయి. బొట్విద్ జేబులోంచి తాళంచెవి తీసి బురుజు తెరిచాడు. లోపల తడి సున్నం వాసన, కొత్త కర్ర వాసన. ఒంపు తిరిగిన మెట్లు కిందికి దిగాయి. ఆ అడుగున, మనిషి వంగితే తప్ప పట్టని తలుపు. దానికి అడ్డంగా చెయ్యంత మందాన ఇనుప గడియ.

"ఎంత బాగా చేశావన్నా!" ఆమె తలుపు నిమిరింది.

"నువ్వు పెద్దద్వారంలోంచి బయటికి వెళ్ళు. అగడ్తలోకి దిగి, గోడ పక్కనే ఎడమచేతి వైపు నడువు. తలుపు కనిపిస్తుంది. మూడుసార్లు కొట్టు. ఎవరని అడుగుతాను. పేరు చెప్పు."

"ఇక్కణ్ణించే ఒకసారి తీసి చూపించరాదూ?"

"కాదు" అన్నాడు గబుక్కున. తరవాత గొంతు తగ్గించి, "బయట నుంచే రావాలి, చెల్లీ" అన్నాడు.

ఉన్నట్టుండి ఆమెని దగ్గరికి తీసుకున్నాడు. అమ్మ పోయినప్పుడు కూడా అలా తీసుకున్నవాడు కాదు. కూతురు గుర్తొచ్చిందేమో అనుకుని ఆమె అతని వీపు మీద మెల్లిగా తట్టింది.

బయట వెలుతురు పూర్తిగా పోలేదు గానీ దేనికీ నీడ లేదు. అగడ్తలో నీళ్ళెప్పుడూ ఉండవు, గడ్డే. తడి గడ్డిలో బూట్లు చిత్తడిచిత్తడిగా చప్పుడు చేశాయి. గోడ పక్కనే నడిచింది. దూరంగా రోడ్డు మీద కార్ల దీపాలు కనిపిస్తున్నాయి. ఎక్కడో కుక్క మొరిగింది. దిడ్డి తలుపు కనిపించగానే ఆమెకి నవ్వొచ్చింది. ఇంత చేసి చివరికి కోళ్ళగూడు తలుపంత ఉంది.

మూడుసార్లు కొట్టింది.

"ఎవరు?" లోపల నుంచి అన్న గొంతు.

"గున్‌వర్!"

ఆమె మళ్ళీ కొట్టింది.

"గున్‌వర్‌ని. నీ చెల్లెల్ని. తియ్యన్నా, చలేస్తోంది."

గడియ కదల్లేదు. తలుపు ఇరుక్కుందేమో అనుకుంది. కొత్త కర్ర, తడి వాతావరణం. చేతులు రుద్దుకుంటూ నిలబడింది.

గాలి ఆగిపోయింది.

కుక్క మొరుగుడూ ఆగింది. బురుజు మీద కాకులన్నీ ఒక్కసారి లేచి, ఒక్క అరుపైనా లేకుండా ఊరివైపు వెళ్ళిపోయాయి. తరవాత ఆమె మెడకి వెచ్చగా తగిలింది. ముందు ఎవరో వెనక ఊపిరి వదిలినట్టనిపించింది. కాదు. మొత్తం గాలే వెచ్చబడుతోంది. కోటు లోపల చెమట పట్టింది. కోసిన గడ్డి వాసన వచ్చింది, ఆ రోజే కోసి ఎండలో పరిచినట్టు. నవంబరులో ఎక్కడిదీ వాసన...

ముంజేతి మీద ఏదో పాకింది. ఈగ.

దులుపుకుంది. ఇంకోటి వాలింది. చెవి పక్కన జుమ్మంది. కోసిన గడ్డి వాసన కింద నుంచి ఇంకో వాసన పైకి తేలింది. పోయినేడు గొర్రె ఒకటి కందకంలో పడి చచ్చి, నాలుగు రోజుల దాకా కనిపించలేదు. అదే వాసన. కానీ ఒక్క గొర్రెది కాదు.

"అన్నా... తియ్యి."

వెనక ఇనుము ఇనుముకి తగిలింది. ఒక్కటి. తరవాత పది. తరవాత లెక్కలేనన్ని. గడ్డిలో అడుగులు. పరుగులు కావు... కాళ్ళీడ్చుకుంటూ వచ్చే అడుగులు. ఆమె వెనక్కి తిరగలేదు. తిరిగితే ఏం కనిపిస్తుందో ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

వీపు మీద బరువు పడింది.

ఎవరూ పట్టుకోలేదు. కొట్టలేదు. ఒత్తారంతే. సంతలో తొక్కిసలాటలో వెనకవాళ్ళు ముందువాళ్ళని ఒత్తినట్టు. ఆమె చెంప తలుపుకి అతుక్కుపోయింది. చెవుల దగ్గర, భుజాల మీదుగా, నడుము పక్క నుంచి గుసగుసలు. నాయనమ్మ మాట్లాడిన పాత యాస. అందులో సగమే ఆమెకి వచ్చు. ఆ సగం చాలింది.

"తియ్యండి... మేమే..."

"తియ్యండి... పిల్లాడున్నాడు నాతో..."

గున్‌వర్ రెండు పిడికిళ్ళతో తలుపు బాదింది. వాళ్ళ మాటల్లో తన మాట ఏదో తనకే తెలియలేదు. "తియ్యన్నా! తియ్యండి! నేనే!"

తలుపు పలకల సందులోంచి లోపలి చప్పుడు వినిపించింది. బొట్విద్ ఏడుస్తున్నాడు. అక్కడే ఉన్నాడు. జానెడు దూరంలో ఉన్నాడు.

"క్షమించు చెల్లీ... ఇంకాస్సేపు... ఒక్క నిమిషం అక్కడే ఉండు..." తరవాత గొంతు మారింది. మూడేళ్ళుగా ఎవరూ వినని మెత్తని గొంతు. "ఆల్వా? వచ్చావా తల్లీ?"

"వచ్చాను నాన్నా."

అది ఆల్వా గొంతే. అదే ముద్దు, చివర అదే సాగతీత. గున్‌వర్ గుండె ఒక్క క్షణం ఎగిసింది. ఆ మరుక్షణం తెలిసింది, ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందో. తొమ్మిదేళ్ళ పిల్ల ఎత్తు నుంచి కాదు. తన చెవి పక్క నుంచి. సరిగ్గా తన ఎత్తు నుంచి.

"అన్నా, తియ్యకు!" ఆమె అరిచింది. "ఇది మన ఆల్వా కాదు! అన్నా, నా మాట విను..."

గడియ జారింది.

తలుపు బెత్తెడు తెరుచుకుంది. లాంతరు వెలుగు. ఆమె భుజాన్ని రాసుకుంటూ ఏదో లోపలికి వెళ్ళింది. బట్ట తగిలినట్టుంది. చల్లగా ఉంది. ఆమె ఆ సందులో వేళ్ళు దూర్చింది. లాంతరు పక్కన అన్న ముఖం కనిపించింది. కళ్ళు ఆమె కళ్ళని చూశాయి. సరిగ్గా చూశాయి. ఇంకెవరో అనుకుని పొరపడ్డాడని తరవాత కూడా ఆమె అనుకోలేకపోయింది.

బొట్విద్ ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి బయటికి నెట్టాడు. తలుపు మూశాడు. గడియ వేశాడు.

వెనక వందల గొంతులు ఒక్కసారి ఊపిరి వదిలాయి. ఎవరో ముసలాయన, ఆమె చెవిలో, జాలిగా అన్నాడు:

"తియ్యరమ్మా వాళ్ళు."

బరువు తగ్గింది. చలి తిరిగొచ్చింది. ఊళ్ళో గంట నాలుగు కొట్టింది. గున్‌వర్ తడి గడ్డిలో మోకాళ్ళ మీద ఉంది. అగడ్తలో ఆమె తప్ప ఎవరూ లేరు. గడ్డి కూడా ఎక్కడా నలగలేదు.

లేచి, పెద్దద్వారంలోంచి ఊళ్ళోకి నడిచింది. కుడిచేతి వేళ్ళు వాచాయి. కాళ్ళు వాటంతటవే అన్న ఇంటికి తీసుకెళ్ళాయి.

తలుపు బార్లా తీసి ఉంది. బొట్విద్ నేలమీద, బూట్ల జత పక్కన కూచుని ఉన్నాడు. ఆమెని చూసి గోడకి జరిగాడు.

"నువ్వు... నువ్వేనా?"

"నేనే. నేనేనని అక్కడా చెప్పాను."

అతను తల దించుకున్నాడు. ముక్కలుముక్కలుగా చెప్పాడు. రాళ్ళు తీసిన రోజు నుంచీ సాయంత్రం పూట బయట నుంచి కొడుతున్నారట. మొదట పట్టించుకోలేదట. మూడో రోజు ఆల్వా గొంతు వినిపించిందట.

"తలుపు తీస్తే ఖాళీయే, గున్‌వర్. మళ్ళీ మూస్తే గొంతు. బయటున్నవాళ్ళు తనని రానివ్వట్లేదంది. తన బదులు బయట ఎవరైనా నిలబడితే రావచ్చంది. మన రక్తమైతే చాలంది. నీకేం కాదని చెప్పింది."

"ఎవరు చెప్పారు?"

"అదే."

"అదే అంటున్నావ్. ఆల్వా అనవేం?"

బొట్విద్ ముఖం చేతుల్లో దాచుకున్నాడు.

గున్‌వర్ అతని వైపు చూసింది. కోపం వస్తుందనుకుంది. రాలేదు. దానికంటే లోతుగా, అడుగు తెగిపోయినట్టు, ఇంకేదో జరిగింది.

"నేనూ దాన్ని ఎత్తుకుని పెంచినదాన్నే" అంది. "నిజంగా ఆల్వాయే వస్తుందంటే, అడిగి ఉంటే, నిలబడేదాన్ని కదన్నా. రాత్రంతా నిలబడేదాన్ని. అడగలేదేం?"

"వద్దంటావేమోనని..."

"సరే. వచ్చిందా మరి? ఏదీ?"

"లాంతరెత్తి చూశాను. ఎవరూ లేరు." అతని గొంతు కీచుగా మారింది. "మెట్ల మీద అడుగులు వినిపించాయి. పిల్ల అడుగులు కావు. నా వెనకాలే ఇంటిదాకా వచ్చాయి. ఈ బూట్లు తొడుక్కో తల్లీ అన్నాను. బూట్ల వైపు రాలేదు. నీ కుర్చీ దగ్గర నిలబడింది. తరవాత అడిగింది... అప్పుడు ఆల్వా గొంతు కాదది."

"ఎవరిది?"

"నీది."

"ఏమడిగింది?"

"మీ ఊరి బస్సు ఎన్నింటికని."

ఇంట్లో గడియారం టిక్కుటిక్కుమంటోంది. గున్‌వర్ గోడమీది గడియారం చూసింది. నాలుగుంపావు బస్సు వెళ్ళి పది నిమిషాలైంది. తరవాతది అయిదింటికి.

"నువ్వేమన్నావ్?"

బొట్విద్ చూపు గుమ్మం వైపు మళ్ళింది. చెప్పాడన్నమాట.

సంచి తీసుకుంది. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది. "మళ్ళీ ఫోన్ చెయ్యకు" అంది. "తలుపు కొడితే తియ్యను." అన్నాక ఆ మాట తనకే మంట పెట్టింది. అయినా వెనక్కి తీసుకోలేదు.

స్టాపులో నిలబడి ఇవర్‌కి ఫోన్ చేసింది. మోగింది. ఎత్తలేదు. బస్సెక్కాక మళ్ళీ చేసింది. ఎత్తలేదు. గొర్రెల దగ్గర ఉండి ఉంటాడు. ఫోను వంటింట్లో వదిలేసే అలవాటు అతనికి. ఆమె ఆ మాటే లోపల పదేపదే అనుకుంది. అద్దం అవతల పొలాలు, రాతిగోడలు, ఒక్కో దీపం, మళ్ళీ చీకటి. వాచిన వేళ్ళని రెండో చేత్తో పట్టుకుని కూచుంది. బస్సు ప్రతి స్టాపులోనూ ఆగింది. దిగేవాళ్ళు తీరిగ్గా డ్రైవరుకి థాంక్స్ చెప్పి దిగారు.

ఆరింటికి ఇంటి మలుపు దగ్గర దిగింది. వసారా దీపం వెలుగుతోంది. పొగగొట్టంలోంచి పొగ వస్తోంది. గొర్రె మాంసం వేపుతున్న వాసన వచ్చింది. ఆమెకి ప్రాణం లేచొచ్చింది. దాదాపు పరుగెత్తింది. ముందు ఇవర్ భుజం మీద తల పెట్టి తనివితీరా ఏడవాలి. తరవాతే ఏదైనా చెప్పాలి.

తలుపు పిడి తిప్పింది. తెరుచుకోలేదు.

ఆ ఇంటి తలుపుకి పడుకునే ముందు తప్ప ఎప్పుడూ తాళం వెయ్యరు.

కొట్టింది.

లోపల పళ్ళేల చప్పుడు ఆగింది.

"ఎవరు?" అన్నాడు ఇవర్.

"నేనే. తియ్యి."

పెనం మీద మాంసం చిటపటలాడుతోంది. కుర్చీ జరిగింది. ఇవర్ అడుగులు తలుపు దాకా వచ్చాయి. ఆగాయి. అతని ఊపిరి ఆమెకి వినిపిస్తోంది. ఆమె అరచెయ్యి తలుపుకి ఆనించింది.

"ఇవర్... నేను... గున్‌వర్‌ని..."

ఇవర్ వెనక్కి తిరిగి, ఇంట్లో ఎవరితోనో, గుసగుసగా అన్నాడు:

"నువ్వన్నట్టే వచ్చింది. గొంతు అచ్చం నీదే."

వసారా దీపం ఆరిపోయింది.